మూడుసార్లు వచ్చిన ఫాదర్ హయ్యర్

మద్రాసు నుంచి నెల్లూరు వెళ్లే దారిలో సూళ్లూరుపేట దాటాక, నాయుడుపేట రాకముందు దొరవారిసత్రం వస్తుంది. ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ మండలం 2022 నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఊరి పేరులోనే సత్రం ఉంది. బాటసారి ఒక పూట ఆగి, అలసట తీర్చుకుని, మళ్లీ మూట సర్దుకుని సాగిపోయే చోటు అది. ఇదే మండలంలో నేలపట్టు పక్షుల కేంద్రం ఉంది. ఏటా చలికాలానికి ముందు గూడబాతులు ఎక్కడెక్కడి నుంచో వచ్చి నీళ్లలోని కడప చెట్ల మీద గూళ్లు కడతాయి. పిల్లల్ని పెంచుకుని వెళ్లిపోతాయి. తర్వాతి ఏడు మళ్లీ వస్తాయి.

వెళ్లిపోయి మళ్లీ రావడం పక్షులకు సహజం. మనిషికి, అందులోనూ ముసలితనంలో, అది అంత తేలిక కాదు. అలా మన తెలుగు నేలకు ఒకసారి కాదు, మూడుసార్లు వచ్చిన దైవసేవకుడు ఒకరున్నారు. ఆయన పేరు జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్. గుంటూరు ప్రాంత లూథరన్లు ఆయన్ను ఫాదర్ హయ్యర్ అని ప్రేమగా పిలుచుకుంటారు. మొదటిసారి నలభై తొమ్మిదేళ్ల వయసులో వచ్చారు. చివరిసారి వచ్చేనాటికి ఆయనకు డెబ్బై ఆరేళ్లు.

హయ్యర్ 1793 జూలై 10న జర్మనీలోని హెల్మ్‌స్టెడ్ పట్టణంలో పుట్టారు. ఆయన ఎదిగే నాటికి నెపోలియన్ యుద్ధాలతో యూరప్ అంతా అట్టుడికిపోతోంది. కొడుకు సైన్యం పాలు కాకూడదనుకున్నారో, బతుకు బాగుపడాలనుకున్నారో గాని తల్లిదండ్రులు ఆయన్ను పద్నాలుగో ఏట అమెరికాలో ఉన్న మేనమామ దగ్గరకు పంపేశారు. ఫిలడెల్ఫియాలో జంతువుల ఉన్నితోళ్ల వ్యాపారంలో పనికి కుదిరారు. చేతికి పని నేర్చుకుంటూనే మనసులో దేవుని సేవ పట్ల కోరిక పెంచుకున్నారు. 1815లో జర్మనీ వెళ్లి గొట్టింగెన్ విశ్వవిద్యాలయంలో వేదాంత విద్య అభ్యసించారు. తిరిగి వచ్చాక 1817లో బోధించడానికి అనుమతి పొందారు. 1820లో అభిషిక్తులయ్యారు.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఆయన గుర్రం మీదే బతికారంటే అతిశయోక్తి కాదు. పెన్సిల్వేనియా కొండలు దాటి పడమరగా వలసపోతున్న జర్మన్ కుటుంబాలకు గుడి లేదు, బోధకుడు లేడు. పిల్లలకు బాప్తిస్మం ఇచ్చేవారు లేరు, చనిపోతే సమాధి దగ్గర ప్రార్థన చేసేవారు లేరు. అలాంటి వాళ్లను వెతుక్కుంటూ ఆయన తిరిగారు. సండే స్కూళ్లు పెట్టారు. 1837లో పిట్స్‌బర్గ్ నగరంలో జర్మన్ భాష వారికి ఒకటి, ఇంగ్లిషు భాష వారికి ఒకటి లూథరన్ సంఘాలను స్థాపించారు. 1839లో ఆయన భార్య మేరీ చనిపోయారు. ఇల్లు చీకటైన ఆ దశలోనే ఇండియా వెళ్లాలన్న పిలుపు వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆయన్ను పంపడానికి ముందుకు వచ్చిన సంస్థ, లూథరన్లు కాని మరో మిషన్ బోర్డు నీడలో ఆయన పనిచేయాలని ఏర్పాటు చేసింది. ఆ బోర్డుకు డబ్బుంది, అనుభవం ఉంది. ఎవరైనా సంతోషంగా ఒప్పుకునేవారే. హయ్యర్ ఒప్పుకోలేదు. ఆ నియామకాన్నే వదులుకున్నారు. లూథరన్ సంఘం తన విశ్వాసాన్ని తానే ప్రకటించుకోవాలి, తన మిషన్‌ను తానే మోయాలి అన్నది ఆయన పట్టుదల. చివరికి 1841లో పెన్సిల్వేనియాలోని లూథరన్ సినడ్ ఆయన్ను పంపడానికి సిద్ధపడింది. అదే ఏడాది అక్టోబరులో బోస్టన్ ఓడరేవు నుంచి ఆయన బయలుదేరారు. తల్లి లేని పిల్లల్ని అమెరికాలోనే వదిలి ఓడెక్కారు. ఆ ఎడబాటు భారాన్ని తండ్రీ మోశారు, పిల్లలూ మోశారు. గొప్పవారి జీవితాలు చదివేటప్పుడు ఇలాంటి బరువుల్ని మనం మర్చిపోకూడదు.

కొలంబో మీదుగా తూత్తుకుడిలో దిగి, తమిళ దేశమంతా దాటి మద్రాసు చేరారు. అక్కడి నుంచి ఉత్తరానికి తిరిగి, మన ఈ తీరం మీదుగా నెల్లూరు వచ్చారు. అప్పటికి నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఉంది. శామ్యూల్ డే 1840లో దాన్ని స్థాపించారు. తన సంఘం కోసం అంత పట్టుపట్టిన హయ్యర్, బాప్టిస్టు సహోదరుల ఆతిథ్యాన్ని మాత్రం ఆనందంగా అందుకున్నారు. 1842 జూలై 31న గుంటూరు చేరారు. అక్కడ ఆయనకు అండగా నిలిచిన కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆంగ్లికన్ సంఘానికి చెందినవారు. తన విశ్వాసం మీద గట్టిగా నిలబడటం వేరు, ఇతరుల్ని దూరం పెట్టడం వేరు. ఈ రెండింటి మధ్య తేడా హయ్యర్‌కు తెలుసు.

గుంటూరు ప్రాంతం అప్పటికి ఇంకా నందన కరువు దెబ్బ నుంచి కోలుకోలేదు. 1832, 33 సంవత్సరాల్లో వచ్చిన ఆ కరువులో పల్లెలకు పల్లెలు పాడుబడిపోయాయి. ఆ నేల మీద ఆయన బడితో పని మొదలుపెట్టారు. భాష రాక ముందు దుబాసీ సాయంతో బోధించారు, ఓ పక్క తెలుగు నేర్చుకున్నారు. ఆడపిల్లలకూ చదువు చెప్పించారు. గుంటూరులోని ఆంధ్ర క్రైస్తవ కళాశాల 1885లో కళాశాల అయింది గాని, దాని వేళ్లు 1842 నాటి ఆ చిన్న బడిలోనే ఉన్నాయి.

లూథరన్ సంఘంలో బడికీ గుడికీ మధ్య గోడ లేదు. దానికి కారణం మార్టిన్ లూథరే. జర్మనీ పల్లెల్లో జనానికి విశ్వాసం గురించి ఏమీ తెలియకపోవడం చూసి బాధపడి ఆయన 1529లో చిన్న కాటికిజం రాశారు. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన, బాప్తిస్మం, ప్రభు సంస్కారం, వీటి అర్థాన్ని ఇంటి యజమాని తన పిల్లలకూ పనివాళ్లకూ చెప్పగలిగేంత సులువుగా అందులో వివరించారు. ఆ పుస్తకం హయ్యర్ రాక కన్నా దాదాపు వందేళ్ల ముందే తెలుగులోకి వచ్చింది. మద్రాసులో పనిచేసిన బెంజమిన్ షుల్ట్‌జ్ దాన్ని తెలుగు చేస్తే, 1746లో జర్మనీలోని హాలే పట్టణంలో అచ్చయింది. లూథరన్ల ఇళ్లలో బాప్తిస్మానికైనా, మొదటిసారి సంస్కారం తీసుకోవడానికైనా పిల్లలు ఇప్పటికీ ఆ పాఠాల మీదుగానే నడుస్తారు.

1845 నాటికి హయ్యర్ ఆరోగ్యం దెబ్బతింది. అమెరికా తిరిగి వెళ్లారు. ఆయన చేయాల్సింది చేశారని అందరూ అనుకున్నారు. ఆయన మాత్రం బాల్టిమోర్‌లో వైద్య విద్యార్థిగా చేరారు. తన కొడుకుల వయసున్న వారి పక్కన బెంచీ మీద కూర్చుని చదివి, 1847లో, యాభై నాలుగేళ్ల వయసులో డాక్టరు పట్టా అందుకున్నారు. జ్వరాలతో, కలరాతో మనుషులు రాలిపోవడం గుంటూరులో ఆయన కళ్లారా చూశారు. మాట ఒక్కటే తీసుకుని మళ్లీ ఆ జనం ముందుకు వెళ్లడం ఆయనకు సరిపోలేదు. మందు కూడా కావాలనుకున్నారు. 1848లో రెండోసారి తెలుగు నేల మీద అడుగుపెట్టారు.

ఈసారి గుంటూరు పట్నంలో ఉండిపోలేదు. 1849లో పల్నాడు వెళ్లి గురజాలలో కాపురం పెట్టారు. రాళ్లూ ఎండలూ తప్ప మరేం దొరకని సీమ అది. అక్కడ ఆయన మాట విన్నవారిలో ఎక్కువమంది ఊరి బయట వాడల్లోని పేదలు. బావి దగ్గరకు రానివ్వని లోకంలో, ఒకే గిన్నెలో ద్రాక్షారసం పుచ్చుకునే బల్ల ఒకటుందని వారికి తెలిసింది. దేవుడు మనిషిని చేసిన పనిని బట్టి గాని, పుట్టిన వాడను బట్టి గాని కాక, కేవలం తన కృప వల్ల విశ్వాసం ద్వారా నీతిమంతుడిగా ఎంచుతాడన్నది లూథర్ బోధకు గుండెకాయ. జర్మనీలో అది పండితుల వాదంగా మొదలై ఉండవచ్చు. గురజాల వాడల్లో అది తల ఎత్తుకుని నిలబడే ధైర్యమైంది.

1857లో మళ్లీ అమెరికా వెళ్లారు. అప్పటికి అరవై నాలుగేళ్లు. విశ్రాంతి తీసుకోవాల్సిన వయసులో మిన్నెసోటా వెళ్లి, కొత్తగా స్థిరపడుతున్న వారి మధ్య సంఘాలు కట్టారు. 1860లో ఏర్పడిన మిన్నెసోటా సినడ్‌కు ఆయనే తొలి అధ్యక్షులు.

ఇంతలో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చింది. 1861 నుంచి 1865 దాకా సాగిన ఆ యుద్ధం మిషన్లకు డబ్బు రాకుండా చేసింది. యుద్ధం ముగిశాక లూథరన్ సంఘంలోనే చీలిక వచ్చింది. కొత్త మనుషులు రావడం లేదు, ఉన్నవాళ్లు అలసిపోయారు. రాజమండ్రి మిషన్‌ను ఇక నడపలేమని, ఆంగ్లికన్ల మిషనరీ సొసైటీకి అప్పగించేద్దామని నిర్ణయం దాకా వచ్చింది. అప్పుడు హయ్యర్ జర్మనీలో ఉన్నారు. ఈ వార్త చెవిన పడగానే అమెరికాకు బయలుదేరారు. 1869 మే నెలలో రీడింగ్ పట్టణంలో పెన్సిల్వేనియా సినడ్ సభ జరుగుతోంది. డెబ్బై ఆరో ఏట నడుస్తున్న ఆ ముసలి బోధకుడు సభ ముందు లేచి నిలబడ్డారు. రాజమండ్రిని వదులుకోవద్దని బతిమాలారు. వెళ్లడానికి ఎవరూ లేరంటే తాను సిద్ధమని చెప్పారు. చేతిసంచి పట్టుకుని ఇప్పుడే బయలుదేరతానన్నట్టు నిలబడిన ఆ మనిషిని చూశాక, ఇవ్వడానికి సిద్ధపడినవారు ఇవ్వలేకపోయారు. రాజమండ్రి మిషన్ నిలిచింది.

ఆగస్టులో ప్రయాణమై 1869 డిసెంబరు 1న రాజమండ్రి చేరారు. చెదిరిన విశ్వాసుల్ని కూడగట్టారు. ఊళ్లు తిరిగారు, బాప్తిస్మాలిచ్చారు. 1870లో సాయంగా వచ్చిన యువ మిషనరీ బెకర్ వచ్చిన కొద్ది కాలానికే చనిపోయారు. యువకుణ్ని సమాధి చేసి ముసలాయన పని కొనసాగించారు. ఆ ఏడే ష్మిత్ అనే మరో మిషనరీ వచ్చాక, పనిని కొత్త చేతుల్లో పెట్టి 1871లో సెలవు తీసుకున్నారు. ఫిలడెల్ఫియాలోని సెమినరీలో వేదాంత విద్యార్థులకు పెద్దదిక్కుగా ఉంటూ, 1873 నవంబరు 7న, ఎనభై ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం పెన్సిల్వేనియాలోని ఫ్రీడెన్స్ గ్రామంలో భార్య సమాధి పక్కనే ఆయన్ను ఉంచారు.

ఆయన వేసిన విత్తనం తర్వాత ఎంత ఎదిగిందో మనకు తెలుసు. 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరు వచ్చి స్త్రీలకు, పిల్లలకు వైద్యం ప్రారంభించారు. 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది. మన దక్షిణపు కొసన మరో పాయ కూడా పుట్టింది. జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ మిషన్ తరఫున ఆగస్ట్ మిలియస్ 1865లో, దొరవారిసత్రానికి పొరుగునే ఉన్న సూళ్లూరుపేటలో పని ప్రారంభించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ మిషనరీలు ఇక్కడ ఉండలేని పరిస్థితి వస్తే, ఆ సంఘాల్ని ఆదుకున్నది కూడా అమెరికాలోని ఒహాయో లూథరన్లే. ఆ పాయ నుంచే 1945లో దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం ఏర్పడింది. ఒకరు వదలాల్సి వచ్చిన పనిని మరొకరు ఎత్తుకోవడం రాజమండ్రిలో జరిగినట్టే ఇక్కడా జరిగింది.

కృప వల్లనే రక్షణ అని నమ్మిన మనిషికి, పుణ్యం సంపాదించుకోవాల్సిన పని లేని మనిషికి, డెబ్బై ఆరేళ్ల వయసులో సముద్రం దాటాల్సిన అవసరం ఏముంది? ఈ ప్రశ్న చాలామందికి వస్తుంది. లూథర్ బోధలోనే జవాబుంది. దేవుని దగ్గర లెక్క తీరిపోయిందని నమ్మినవాడికి ఇక తన గురించి తాను బెంగపడే పని ఉండదు. ఆ బెంగకు ఖర్చయ్యే బలమంతా పొరుగువాడి కోసం మిగులుతుంది. హయ్యర్ తన జీవితమంతా ఆ మిగులునే ఖర్చు పెట్టారు. పరలోకంలో చోటు కొనుక్కోవడానికి ఆయన రాలేదు. ఇచ్చినవాడికి కృతజ్ఞతగా వచ్చారు.

మన సంఘాల్లోనూ వదిలేద్దామనిపించే పనులుంటాయి. పిల్లలు రాని సండే స్కూలు, నలుగురే మిగిలిన ప్రార్థన కూడిక, కప్పు కారుతున్న పల్లె గుడి. నడపలేం, ఎవరికైనా అప్పగించేద్దాం అని కమిటీలో తీర్మానం చేయబోయే వేళ, ఎవరో ఒక పెద్దాయనో పెద్దమ్మో వెనక బెంచీ నుంచి లేచి నేనున్నానంటే చాలు. దేవునికి కావాల్సింది మన వయసు కాదు, మన బలమూ కాదు. కనానుకు వేగు చూడటానికి వెళ్లిన కాలేబు ఎనభై అయిదో ఏట కొండసీమను అడిగి తీసుకున్నాడు. మనకు దేవుడు చూపించే కొండ పక్క వీధిలోనే ఉండవచ్చు.

సత్రంలో ఎవరూ శాశ్వతంగా ఉండరు. కానీ తర్వాత వచ్చే బాటసారి కోసం కుండలో నీళ్లు నింపి వెళ్లడం మన చేతిలో ఉంది. ఫాదర్ హయ్యర్ మూడుసార్లు వచ్చి, మూడుసార్లూ ఆ కుండ నింపి వెళ్లారు.