అఘోరనాథ చట్టోపాధ్యాయులు

జనగామలో రైలెక్కి ఓరుగల్లునకు పోవు మన విద్యార్థులకు, ఆ రైలు విషయమై లెక్క యడిగి వెడలగొట్టబడిన యొక గురువు చరిత్రమును చెప్పదలచితిమి.

వంగదేశీయులగు అఘోరనాథులు ఎడింబరో విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమును పొంది, హైదరాబాదున కళాశాలను నడపిరి. అదియే పిమ్మట నిజాము కళాశాల యయ్యెను.

1883లో చాందా రైలుమార్గపు టొడంబడిక చర్చకు వచ్చెను. లండను కంపెనీ పెట్టుబడిపై వడ్డీకి సంస్థానపు బొక్కసమే పూటపడవలెను. షరతులను ప్రజలకు తెలిపిన పిదపనే నిర్ణయింపవలెనని వీరు కోరిరి. అందులకు కొలువు పోయెను. సంస్థానమును విడువవలసి వచ్చెను. కుమార్తె సరోజిని యప్పటికి నాలుగేండ్ల పసిబిడ్డ. ఆమెయే తరువాత సరోజినీ నాయుడుగా ప్రసిద్ధి కెక్కెను.

కొంతకాలమునకు మరల పిలువబడి విద్యాసేవయే చేసిరి. 1915లో కాలధర్మము నొందిరి.

రైలు 1886లో ఓరుగల్లునకు, 1889లో బెజవాడకు చేరెను. 1930లో ప్రభుత్వమే దానిని కొనెను. కంపెనీ నేడు లేదు. సొమ్ము ప్రజలదైనప్పుడు లెక్క యడుగుట తప్పు కాదని చూపిన గురువును మేము మరువజాలము.