ఆంధ్రరత్న గోపాలకృష్ణయ్యగారు: రామనగరు నేర్పిన పాఠము

పన్ను చెల్లించువాని సమ్మతి లేక పన్ను విధింపరాదను సూత్రము రాజనీతి గ్రంథములలో నెన్నడో వ్రాయబడినది. ఆంధ్రదేశమున దానిని ఇసుకనేలమీద, తాటాకు పాకలలో కాపురముండి, పదునొకండు మాసములపాటు ఆచరించి చూపినవారు చీరాల పేరాల ప్రజలు. వారిని నడపిన నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు. గ్రామసభ, వార్డుసభ, పౌరసభ యను పేరులు నేడు శాసనములయందును ఉపన్యాసములయందును తఱచుగా వినవచ్చుచున్నవి. అట్టి సభలకు ప్రాణమెచ్చటనుండి వచ్చునో, ఎట్లు పోవునో తెలిసికొనగోరువారు ఈ మహనీయుని చరిత్రమును మరల నొకమాఱు స్మరించుట యుచితము.

గోపాలకృష్ణయ్యగారు 1889 వ సంవత్సరము జూను 2 వ తేదీన కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలున జన్మించిరి. పుట్టిన మూడవనాడే తల్లి గతించెను. మూడేండ్లు నిండునప్పటికి తండ్రి కోదండరామస్వామిగారును పరమపదించిరి. ఉపాధ్యాయుడైన యా తండ్రి బిడ్డకు విడిచిన యాస్తి స్వల్పము. నాయనమ్మయు పినతండ్రియు నాతనిని బెంచిరి. చదువుకాలమున నాతనికి బాఠ్యగ్రంథములకంటె పాటమీదను, ఆటమీదను, నాటకముమీదను మక్కువ మెండు. కొంతకాలము బాపట్ల తాలూకా కచ్చేరిలో గుమాస్తాగా నుండెను. కాని దస్తరముల మధ్య నిముడునట్టి స్వభావము కాదది. 1911 లో తన మిత్రుడు నడింపల్లి నరసింహారావుగారితోగూడ సముద్రము దాటి స్కాట్లండు దేశమునకేగి, ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం. ఏ. పట్టమును బడసెను.

విదేశవాసము పెక్కుర వేషభాషలను మార్చెను గాని గోపాలకృష్ణయ్యగారికి స్వదేశాభిమానమును ద్విగుణీకృతము చేసెను. అచ్చట వారికి ఆనందకుమారస్వామిగారి స్నేహము లభించెను. ఆ యిరువురును గలిసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లమున కనువదింపగా ఆ గ్రంథము 1917 లో అమెరికాయందలి హార్వర్డు విశ్వవిద్యాలయముచే బ్రకటింపబడెను. భారతీయ నాట్యశాస్త్రమును బాశ్చాత్యులకు ఎఱిగించిన తొలి గ్రంథములలో నిది యొకటి. స్వదేశమునకు వచ్చిన పిదప రాజమహేంద్రవరమునందలి ప్రభుత్వ కళాశాలయందును, బందరు ఆంధ్ర జాతీయ కళాశాలయందును అధ్యాపకులుగా నుండిరి. రెండుచోట్లను జిరకాలము నిలువలేదు. ఒకరి యాజ్ఞకు లోబడి యుండుట వారికి జన్మతః అలవడని విద్య. ఇది వారి గుణమును, వారి దోషమును గూడ.

తుదకు వారు చీరాలను దమ కార్యస్థానముగా నెన్నుకొనిరి. ఆంధ్ర విద్యాపీఠగోష్ఠి యను సంస్థను స్థాపించి, పండితులకును పామరులకును నడుమనున్న యంతరమును దొలగింప యత్నించిరి. తోలుబొమ్మలాట మొదలగు జానపదకళలను ఆదరించిరి. రామభక్తులగుటచే దమ స్వచ్ఛందసేవకుల దండునకు రామదండని పేరిడిరి. కాషాయవస్త్రములను, రుద్రాక్షలను ధరించి, క్రమశిక్షణతో నడచు నా సేవకులు 1921 మార్చి 31, ఏప్రిలు 1 తేదీలయందు బెజవాడలో జరిగిన అఖిలభారత కాంగ్రెసు సంఘ సమావేశమున జనసమ్మర్దమును జక్కబెట్టి యందఱి మెప్పు వడసిరి. గోపాలకృష్ణయ్యగారి యుపన్యాసము వినవచ్చినవాడు నవ్వుచు వచ్చి కన్నీరు దుడుచుకొని పోవుచుండెనని పెద్దలు చెప్పుచుందురు. చాటువులు చెప్పుటయందు వారికి వారే సాటి.

ఇక చీరాల పేరాల వృత్తాంతము. చీరాల, పేరాల మొదలగు గ్రామములు చేరి అంతవఱకు యూనియనుగా నుండెను. జనసంఖ్య సుమారు 15,000. వారిలో నేతపనివారు, చిల్లర వర్తకులు, కూలివారు మెండు. 1919-20 ప్రాంతమున మద్రాసు ప్రభుత్వమువారు ఆ గ్రామములను మునిసిపాలిటీగా మార్చిరి. పట్టణము పెరుగుచున్నదనియు, పారిశుద్ధ్యమునకై యిది యావశ్యకమనియు బ్రభుత్వ వాదము. ఆ వాదమున సత్యలేశము లేదని మేమనము. ఊరు పెరిగినకొలది మురుగు పెరుగును, మురుగు తీయుటకు ధనము కావలయును. అయినను, ఆ ధనము నిచ్చుకొనగలమా, ఇచ్చినచో దేనికి వ్యయము చేయుదురు అని యడుగు నధికారము ఇచ్చువానికి లేకపోవుట యెట్టి న్యాయము? యూనియనునాడు ఏటికి సుమారు 4,000 రూపాయలుగా నుండిన పన్ను మునిసిపాలిటీ వచ్చిన పిదప 40,000 వఱకు నెక్కెనని ప్రజలు మొఱపెట్టిరి. అర్జీలు పంపిరి. ఫలము లేకపోయెను. ఎన్నికైన కౌన్సిలర్లు రాజీనామాల నిచ్చిరి. అప్పుడు ప్రభుత్వమువారు జీతగాడైన యధ్యక్షుని నియమించి పరిపాలనము సాగించిరి.

ఇచ్చట నొక విచిత్రమును గమనింపవలెను. 1919 నాటి సంస్కరణములచే స్థానిక స్వపరిపాలనశాఖ భారతీయుడైన మంత్రికి సంక్రమించియుండెను. 1920 డిసెంబరునుండి మద్రాసున ఆ శాఖ పానుగంటి రామారాయణింగారు, అనగా పానగల్లు రాజావారి చేతిలో నుండెను. కాగా, స్వపరిపాలనమను పేరిటనే, స్వదేశీయుడైన మంత్రి యేలుబడిలోనే, ప్రజలు వలదన్న పాలనము వారి నెత్తిన నిలిచెను. పాలకుడు మనవాడైనంతమాత్రమున పాలనము మనదికాదను సత్యము చీరాలలో నాడే తేటతెల్లమయ్యెను.

ప్రజలు పన్ను నిరాకరించిరి. పండ్రెండుగురు కారాగారమున కేగిరి. వారిలో నొక స్త్రీయు నుండెను. 1921 ఏప్రిలు 6 వ తేదీన మహాత్మాగాంధి చీరాలకు వచ్చిరి. వారు రెండు మార్గములను జూపిరి. శాంతముగా బన్ను నిరాకరించి వచ్చు కష్టముల ననుభవించుట యొకటి, మునిసిపాలిటీ యెల్లలు దాటి వేఱుచోట నివసించుట రెండవది. ఊరే లేనిచో ఊరిపన్ను లేదు. ప్రజలు రెండవదాని నెన్నుకొనిరి. ఆ నెల చివర, రోహిణికార్తె రానున్న మండువేసవిలో, 13,000 మందికి బైగా తమ యిండ్లు విడిచి పొలిమేర యావల దిగిరి. ముసలివారు, చూలింతలు, చంటిబిడ్డలు, గొడ్డుగోద, మగ్గములు, సామానులు అన్నియు గదలెను. పూరిపాకల యా క్రొత్తయూరికి రామనగరని పేరు పెట్టిరి.

పన్ను నిరాకరణము దేశమున మఱికొన్నిచోట్లను జరిగెను. రామనగరున జరిగినదానికి విశేషమేమన, వారు పాలనమును నిరాకరించి యూరకుండక వేఱొక పాలనమును నిర్మించుకొనిరి. ప్రతి కులమువారును దమ ప్రతినిధుల నెన్నుకొనిరి. ఆ ప్రతినిధులు గూడిన సభయే రామనగరునకు సర్వాధికారి. డప్పు మ్రోగగానే సభ గూడెడిది. తగవులు తీర్చుటకు బంచాయతి యేర్పడెను. కావలి, శాంతిరక్షణ, రోగులకు సాయము మున్నగు పనులు రామదండు వహించెను. పోలీసు భయము లేక, జరిమానా లేక, ఆజ్ఞ చెల్లించు నధికారియు లేక, పదుమూడువేల జనము క్రమము దప్పక నుండుట సామాన్య విషయము కాదు. అట్లుండుటకు గారణ మేమి? నిర్ణయము చేయువాడును, దాని బరువు మోయువాడును నొక్కడే యగుట. వీధిలోని పాక కూలినచో నేమి చేయవలెనో నిశ్చయించువాడు ఆ వీధిలోనే పరుండెడివాడు. అట్టిచోట విశ్వాసమును వేఱుగ బోధింపబనిలేదు.

అయిన, చరిత్ర వ్రాయువాడు గెలుపును మాత్రమే వ్రాసినచో చదువరికి మేలు చేయడు. ఎండ వెనుక వానలు వచ్చెను. పాకలు కారుచుండగా మగ్గమునకు గుంట యెట్లు నిలుచును? కూలి దొరకని దినము లెక్కువయ్యెను. ఇంతలో గోపాలకృష్ణయ్యగారు 1921 సెప్టెంబరులో బరంపురమునకేగి, ఉపన్యసింపరాదను నిషేధాజ్ఞను ధిక్కరించి మాట్లాడగా, వారిని నిర్బంధించి యొక సంవత్సరము శిక్ష విధించి తిరుచిరాపల్లి కారాగారమునకు బంపిరి. నాయకుడు లేని రామనగరు కొన్ని మాసములు నిలిచి, పిదప సడలెను. 1922 తొలిమాసములలో జనులు మెల్లమెల్లగా పాతయిండ్లకు మఱలిరి. మునిసిపాలిటీ నిలిచియే పోయెను.

కారాగారమునుండి వెలువడిన పిదప గోపాలకృష్ణయ్యగారు ఆఱేండ్లు మాత్రము జీవించిరి. రాజకీయములలో బాల్గొనిరిగాని చీరాలనాటి జ్వాల మరల రగులలేదు. ధనము లేదు, కూడబెట్టు నలవాటు మొదలే లేదు. క్షయరోగము శరీరమును దినివేయగా 1928 జూను 10 వ తేదీన, ముప్పదితొమ్మిది యేండ్ల ప్రాయముననే, దారిద్ర్యమున గన్నుమూసిరి. ప్రజలు వారికిచ్చిన ఆంధ్రరత్న బిరుదము మాత్రము వారి పేరికంటె ముందు నేటికిని బలుకబడుచున్నది. బెజవాడలోని కాంగ్రెసు కార్యాలయ భవనమునకు ఆ పేరే పెట్టిరి.

రామనగరు విఫలమయ్యెనా? పన్ను తగ్గకపోవుటను బట్టి చూచిన విఫలమే. కాని ఆ వైఫల్యమునందే నేటివారు నేర్వవలసిన మూడు విషయములున్నవి.

మొదటిది, ఆ సభ కులముల సభ. నాటి సంఘమునందు ప్రజలను గూర్చుటకు గులమే దగ్గఱిదారి, కావున నాయకులను దప్పుపట్టుట న్యాయము కాదు. అయినను కులప్రతినిధి తన కులమునకు జవాబుదారి యగునుగాని యూరి కంతటికిని గాడు. రెండవది, ఆ సభకు బ్రాణమొక్కని యందుండెను. ఆ యొక్కడు చెఱసాలకు బోగానే సభ సడలెను. మహానాయకుని నమ్మి నిలుచు సభ కంటె నియమమును నమ్మి నిలుచు సభ దీర్ఘాయుష్మంతము. మూడవది, సభ యెంత యేకగ్రీవముగా దీర్మానించినను దానికి బదులు చెప్పవలసిన బాధ్యత ప్రభుత్వమునకు లేకుండెను.

ఈ మూడు లోపములకును బ్రతిక్రియ లోకమునకు దెలియనిది కాదు. పదవ శతాబ్దిలో పరాంతకచోళుని కాలమునాటి ఉత్తరమేరూరు శాసనములు గ్రామసభ సభ్యులను ఎట్లు నియమించిరో తెలుపుచున్నవి. అర్హులైనవారి పేరులు తాటియాకులపై వ్రాసి కుండలో వేసి, బాలునిచే దీయించెడివారు. ధనికుని డబ్బును, వక్త నోటిమాటయు నాకుండను మార్చజాలవు. అర్హతల నియమములు నాడు సంకుచితములేగాని పద్ధతి మాత్రము మననేల బుట్టినది. ఈ కాలమున 2016 లో ఐర్లండు దేశమువారు 99 గురు సామాన్యపౌరులను యాదృచ్ఛికముగా నెన్ని, ఒక అధ్యక్షురాలిని నియమించి, పౌరసభను గూర్చిరి. గర్భస్రావ శాసనము వంటి, రాజకీయ పక్షములు ముట్టుటకు వెఱచిన సమస్యను ఆ సభ శాంతముగా విచారించెను. దాని సిఫారసులకు బ్రభుత్వము సమాధానము చెప్పవలెనని ముందే నిశ్చయింపబడెను. 2018 లో ప్రజాభిప్రాయ సేకరణము జరిగి రాజ్యాంగము మార్పబడెను. చీటీవలన వచ్చినవాడు ఏ కులమునకును ఋణపడడు, నాయకుడు లేనంతమాత్రమున లేచిపోడు.

మన దేశమున 1992 నాటి 73, 74 వ రాజ్యాంగ సవరణలు గ్రామసభకును పురపాలక సంస్థలకును బ్రతిష్ఠ గల్గించినవి. కాని వార్డు సంఘములను రాజ్యాంగము మూడులక్షలు, అంతకు మించిన జనసంఖ్యగల పట్టణములకే నిర్బంధించినది. చీరాలవంటి పట్టణమునకు రాజ్యాంగముచే నా నిర్బంధము లేదు. ఏ యూరు ప్రజాసభకై యిల్లు విడిచెనో, ఆ యూరే ఈ నియమమునకు వెలియగుట చింతింపదగినది. గ్రామములందు సైతము సభ కాగితముమీద గూడి, వ్రేలిముద్రలతో ముగియుచున్నచో దోషము శాసనమునదిగాదు, మనది. భూవసతిగల పెద్దలు రచ్చబండమీద మాటలాడి సభనాడు మౌనము వహించుట, పట్టణవాసులు పన్ను హెచ్చినదని యింటిలో గొణిగి కౌన్సిలు పద్దులు చూడబోకుండుట మానవలెను.

మనము గోపాలకృష్ణయ్యగారి విగ్రహములకు బూలదండలు వేయుటకంటె, ప్రతి పురమునను పన్ను పద్దు తయారగుటకు ముందు ఇరువది ముప్పది గృహస్థులను స్త్రీపురుష భేదము, కులభేదము లేక చీటీవేసి పిలిచి, లెక్కలు వారి ముందుంచి, వారి యభిప్రాయమునకు సంఘము వ్రాతమూలముగ బదులు చెప్పునట్లు నియమము చేయుట మేలు. అంతపనికి ఇల్లు విడువ నక్కఱలేదు, చెఱసాలకు బోవ నక్కఱలేదు. నాడు చీరాల పేరాల ప్రజలు చెల్లించిన వెలతో బోల్చిన నిది యెంత? ఆ వెల నూరకపోనీయకుండుట మన చేతిలోనున్నది.