మాయాబజారును లెక్కగట్టి తీసిన మన తాడిపత్రి మనిషి

(మా విలేఖరి)

తాడిపత్రి: గత నెలలో పనిమీద హైదరాబాదు పోయి, సీతాఫల్‌మండిలో మా అక్క ఇంట్లో రెండు రోజులు ఉండవలసి వచ్చింది. ఒక పక్క సికింద్రాబాదు, ఇంకో పక్క ఉస్మానియా యూనివర్సిటీ, తార్నాక. ఆ నడుమ సందుగొందుల పేట అది. ఆ సాయంత్రం టి.వి.లో మాయాబజార్ వస్తున్నది, రంగులలో. లడ్డూలు వాటంతట అవే ఎగిరి ఘటోత్కచుని నోట్లోకి పోవడం చూసి, ఏడో తరగతి చదివే మా మేనల్లుడు కంప్యూటర్లు లేని కాలంలో ఇదెట్లా చేశారు మామా అని నన్ను అడిగాడు. ఈ సినిమా తీసింది ఎవరో తెలుసునా అంటే తడుముకోకుండా రామారావు అన్నాడు. కాదురా, తీసినాయన మన తాడిపత్రి వైపు మనిషి అని చెబితే వానికి నమ్మకం కుదరలేదు. వాడు పట్నం పిల్లవాడు, పోనీ అనుకుందాం. తిరిగి వచ్చాక మన ఊరి రచ్చబండ దగ్గర నలుగురిని అడిగితే ముగ్గురు తెలియదన్నారు. అందుకే ఈ నాలుగు మాటలు రాయవలసి వచ్చింది.

ఆ మనిషి శ్రీ కె.వి.రెడ్డి. పూర్తి పేరు కదిరి వెంకటరెడ్డి. 1912 జూలై 1న అనంతపురం జిల్లాలో తాడిపత్రి దగ్గరి పల్లెలో రైతు కుటుంబంలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి పోవడంతో మేనమామల ఇంట పెరిగారు. మద్రాసు వెళ్ళి ప్రెసిడెన్సీ కాలేజీలో బి.ఎస్సీ. చదివారు. చదివిన చదువుకు ఏ సర్కారు కొలువో చూసుకుని ఉంటే పెన్షను దాకా సుఖంగా వెళ్ళిపోయేది. అయితే తాడిపత్రిలో ఆయనకు శ్రీ మూలా నారాయణస్వామి అనే స్నేహితుడు ఉండేవారు. కలిగిన వ్యాపార కుటుంబం వారిది. కడప జిల్లా నుంచి వచ్చిన శ్రీ బి.ఎన్.రెడ్డితో కలిసి వాహినీ సంస్థను, ఆ తరువాత మద్రాసులో వాహినీ స్టూడియోను నిలబెట్టడంలో ఆయనది పెద్ద చెయ్యి. ఆ స్నేహం రెడ్డిగారిని సినిమాలలోకి లాగింది.

లాగింది గాని, తీసుకుపోయి కెమెరా పక్కన కుర్చీలో కూర్చోబెట్టలేదు. రోహిణీ వారి గృహలక్ష్మి (1938) చిత్రానికి ఆయన క్యాషియరు. వాహినీ వారి వందేమాతరం (1939) నుంచి కొన్నేళ్ళు నిర్మాణ వ్యవహారాలన్నీ చూశారు. అంటే ఏమిటి? సెట్టుకు మేకులెన్ని, గుడ్డ ఎన్ని గజాలు, ఈ రోజు ఎందరికి భోజనాలు, ఎవరికెంత బేటా, ఎంత ఫిలిం ఖర్చయింది, అందులో ఎంత పారేశారు, ఇదీ లెక్క. కళాకారుల నడుమ లెక్కలు రాసేవాడంటే కొంచెం చిన్నచూపు ఉంటుంది. అయితే మాయాబజార్ వంటి మాయ కళ్ళముందు నిలబడడానికి ఆ లెక్కల పుస్తకమే పునాది అని నా అభిప్రాయం. ఎందుకో ముందు చూద్దాం.

రెండో ప్రపంచయుద్ధం రోజులవి. జపాను వాళ్ళు బాంబులు వేస్తారన్న భయంతో మద్రాసులో సగం జనం ఊళ్ళకు పోయిన సమయం. ముడి ఫిలిం బంగారమంత కరువు. ఆ కాలంలో భక్త పోతన దర్శకత్వం ఆయన చేతికి వచ్చింది. అంతకు ముందు ఆయన దర్శకత్వం చేసింది లేదు. చిత్తూరు నాగయ్యగారు పోతనగా వేసిన ఆ చిత్రం 1943లో విడుదలై విరగబడి ఆడింది. తరువాత 1947లో యోగి వేమన తీశారు. వేమన సమాధి ఉన్న కటారుపల్లె మన కదిరి దగ్గరిదే, దర్శకుని ఇంటిపేరూ కదిరే. పెద్దలు మెచ్చిన చిత్రం అది. డబ్బులు మాత్రం ఆ మెప్పుకు తగినట్టు రాలేదు.

అప్పుడు ఆయన దారి మార్చారు. భక్తి వదిలి కథల వైపు మళ్ళారు. మన అవ్వలు రాత్రిపూట ఆరుబయట మంచం మీద చెప్పే రాజకుమార్తెలు, మాంత్రికులు, కోరిన వరాల కథల వైపు. 1949లో వచ్చిన గుణసుందరి కథకు బీజం ఇంగ్లీషు మహాకవి షేక్‌స్పియర్ రాసిన లియర్ రాజు నాటకం. కాని చూసినవారికి అది అచ్చంగా మన ఊరి కథలాగే ఉంటుంది. దీనితోనే రచయిత శ్రీ పింగళి నాగేంద్రరావు ఆయనకు తోడయ్యారు. ఆ జంట ఆ తరువాత చాలా చిత్రాలకు కలిసి పనిచేసింది. ఆ తరువాతి ఏడాది, 1950లో, మూలా నారాయణస్వామిగారు చిన్న వయసులోనే కన్నుమూశారు. వాహినీ స్టూడియో క్రమంగా శ్రీ బి.నాగిరెడ్డి చేతికి వచ్చింది. నాగిరెడ్డి, చక్రపాణి గార్ల విజయా సంస్థకు రెడ్డిగారు 1951లో పాతాళభైరవి తీసి పెట్టారు.

పాతాళభైరవి గురించి మన పల్లెల్లో చెప్పనవసరం లేదు. డేరా హాలులో నేల టిక్కెట్టు కొని, మాంత్రికుడు వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకున్నానని మా నాయన చెప్పేవాడు. కాశీమజిలీ కథల వాసన ఉన్న కథ అది. తోటరాముడుగా ఆయన ఎన్నుకున్న ఎన్.టి.రామారావు సినిమాలకు వచ్చి అప్పటికి రెండేళ్ళు కూడా నిండలేదు. నేపాళ మాంత్రికుడు ఎస్.వి.రంగారావుకూ అప్పటికి పెద్ద పేరు లేదు. పేరున్న వాళ్ళ మీద కాకుండా కథ మీద పందెం కాశారన్న మాట. ఒక నాట్యంలో కాసేపు కనిపించే పిల్ల సావిత్రి. 1952లో మన దేశంలో మొట్టమొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం జరిగినప్పుడు అందులో ఈ చిత్రాన్ని చూపారు.

ఇక మాయాబజారు. 1957 మార్చి 27న విడుదలైంది. తమిళంలోనూ వేరుగా తీశారు. శశిరేఖా పరిణయం కథ వ్యాసుల వారి భారతంలో లేదు. నాటకాల వాళ్ళు, కథలు చెప్పే వాళ్ళు పెంచిన కథ. పాండవుల ఇంటి కథే అయినా పాండవులు ఒక్కరు కూడా తెరమీద కనపడరు. ఎన్నిమార్లు చూసినా ఈ సంగతి చాలామంది గమనించరు. అది కథ చెప్పిన తీరులోని బిగువు.

రెడ్డిగారి పద్ధతి ఇట్లా ఉండేది. కథ, మాటలు, పాటలు, కెమెరా ఎక్కడ పెట్టాలి, ఏ ముక్క ఎంతసేపు, అన్నీ ముందే కాగితం మీద పూర్తి కావాలి. పూర్తయ్యాక ఇక అందులో ఒక్క మాట మారకూడదు. నటులతో ముందుగా చెప్పించి, చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకుని ఒక్కొక్క ముక్కకు ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకునేవారు. ఫిలిం నిమిషానికి 90 అడుగులు పోతుంది. సెకన్లు తెలిస్తే అడుగులు తెలుస్తాయి, అడుగులు తెలిస్తే రూపాయలు తెలుస్తాయి. సెట్టులో నటుడు కొంచెం సాగదీస్తే, బాగానే ఉందిలే అని ఊరుకునే రకం కాదు. మళ్ళీ తీసేవారు. చిత్రం అయిపోయాక కత్తెర వేసి పారేసే ముక్కలు తక్కువ. వేరుశనగ వేసే రైతు ఎకరాకు ఎన్ని శేర్ల విత్తనమని ముందే చూసుకున్నట్టు.

ఆ లెక్క లేకపోతే ఆ మాయలు కుదరవు. ఎందుకంటే తెరమీద మనిషి మాయం కావాలంటే కెమెరాను కదలకుండా బిగించి ఆపాలి, మనిషి తప్పుకోవాలి, మిగతా వాళ్ళందరూ బొమ్మల్లా ఉన్నచోటనే ఉండాలి, మళ్ళీ కెమెరా తిప్పాలి. ఒకే మనిషి రెండుచోట్ల కనపడాలంటే కెమెరాకు సగం మూసి ఒకమారు తీసి, అదే ఫిలిం వెనక్కు చుట్టి, రెండో సగం మూసి మరొకమారు తీయాలి. వేలెడంత తేడా వచ్చినా మొత్తం పాడు. ఈ పనిలో ఆయనకు కుడిభుజం ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే. సింహళంలో పుట్టిన ఆంగ్లో ఇండియన్. తెలుగువారి చందమామను తెరమీదికి తెచ్చింది ఈయనే. పడవ మీద పాటలో కొద్ది ముక్క మాత్రం మద్రాసు దగ్గర ఎన్నూరులో ఆరుబయట తీశారు. మిగతాదంతా స్టూడియో లోపలే. ఆ వెన్నెల అంతా దీపాల వెన్నెలే. మన పల్లెలో పున్నమి నాడు చెరువుగట్టు మీద కూర్చున్న వాడికి కూడా అది అబద్ధమని తోచదు.

సినిమాలో కనిపించే ద్వారకానగరం ఉన్నది స్టూడియోలో 50 అడుగులకు 60 అడుగుల చోటు. మన ఊళ్ళో ఒక మోస్తరు కళ్ళం అంత. అందులో కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్ గార్లు సుమారు 300 బొమ్మ ఇళ్ళు కట్టించారు. ఒక ఇల్లు ఉన్నట్టు ఇంకొకటి ఉండదు. వాటికి దీపాలు కూడా పెట్టారు. దీపాల వాళ్ళు, వడ్రంగులు, రంగులు వేసేవాళ్ళు కలిపి ఈ చిత్రానికి పనిచేసిన వారు నాలుగు వందల మందని లెక్క. వారి పేర్లు తెరమీద పడవు. మా మేనల్లుడు అడిగిన లడ్డూల ముచ్చట తెరమీద కొద్ది క్షణాలే. దానికి పట్టినది నాలుగు రోజులు.

కృష్ణుని వేషం సంగతి వేరే చెప్పాలి. ఈనాడు కృష్ణుడంటే రామారావు ముఖమే కళ్ళకు కడుతుంది. ఆనాడు అట్లా లేదు. అంతకుముందు ఒక చిత్రంలో కాసేపు ఆ వేషంలో కనపడితే జనం ఒప్పుకోలేదు. అందుచేత రామారావుగారే వెనుకాడారు. రెడ్డిగారు పట్టు విడవలేదు. కిరీటం, నగలు, నిలబడే తీరు, నడక అన్నిటి మీదా ప్రత్యేకంగా శ్రద్ధపెట్టి దిద్దారు. ఒకవేళ అది బెడిసికొట్టి ఉంటే అంత ఖర్చుపెట్టిన చిత్రమూ, అందరి పేర్లూ కలిసి మునిగేవి. బెడిసికొట్టలేదు. ఇళ్ళలో ఆ కృష్ణుని క్యాలెండరు పటాలకు దండలు వేసిన సంగతి పెద్దవారికి గుర్తుంటుంది.

నడుమ సాంఘికాలూ తీశారు. 1954 నాటి పెద్దమనుషులు చిత్రానికి రాష్ట్రపతి వెండి పతకం వచ్చింది. 1955లో అన్నపూర్ణా వారి మొదటి చిత్రం దొంగరాముడు ఈయనదే. ఈయన తీరిక కోసం ఆ సంస్థ వేచి ఉండి మరీ తీయించుకుంది. జగదేకవీరుని కథ 1961లో వచ్చింది. అందులో ఒక పాటలో ఒకే తెరమీద పలువురు రామారావులు తలా ఒక వాద్యం పట్టుకుని కూర్చుంటారు. ఇందాక చెప్పిన మూయడం, చుట్టడం అన్నిమార్లు చేయాలి, అదీ పాట తాళం తప్పకుండా. తలుచుకుంటేనే తల తిరుగుతుంది. 1963లో శ్రీకృష్ణార్జున యుద్ధం కూడా బాగా ఆడింది.

అక్కడినుంచి కాలం ఎదురుతిరిగింది. 1965 నాటి సత్యహరిశ్చంద్ర జనానికి నచ్చలేదు. 1968లో వచ్చిన ఉమా చండీ గౌరీ శంకరుల కథ, భాగ్యచక్రం రెండూ పడిపోయాయి. అదే స్టాప్‌వాచ్, అదే పింగళి, అదే పద్ధతి. జనం రుచి మారింది. కాగితం మీద రాసినది మార్చననే పట్టుదల నిన్నటిదాకా ఆయనకు బలం. ఆ పట్టుదలే అప్పుడు అడ్డమైందా అంటే, అయి ఉండవచ్చునని నాకు అనిపిస్తుంది. ఎన్నో గెలుపులు చూసిన మనిషికి వరుసగా మూడు దెబ్బలు తిని కూర్చోవడం ఎంత కష్టమో పంట మూడేళ్ళు పోయిన రైతుకు చెప్పనక్కరలేదు.

చివరకు 1971లో శ్రీకృష్ణసత్య వచ్చింది. మళ్ళీ రామారావే కృష్ణుడు, జయలలిత సత్యభామ. చిత్రం నిలబడింది. ఆ ఏడాదే మే నెలలో పింగళివారు పోయారు. 1972 సెప్టెంబరు 15న రెడ్డిగారు కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు అరవై దాటి రెండున్నర నెలలు. ఇరవై తొమ్మిదేళ్ళ దర్శకత్వంలో ఆయన తెలుగు చిత్రాలు పదిహేను కూడా లేవు.

ఆయన దగ్గర పని నేర్చుకున్న వారిలో నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన శ్రీ సింగీతం శ్రీనివాసరావు ఒకరు. ఆదిత్య 369 (1991), భైరవద్వీపం (1994) ఆయన తీసినవే. భైరవద్వీపం చూస్తే గురువుగారి పాతాళభైరవి ఎవరికైనా జ్ఞాపకం వస్తుంది.

మాయాబజారుకు రంగులు వేసిన పని జరిగింది హైదరాబాదులోనే. గోల్డ్‌స్టోన్ అనే సంస్థ కంప్యూటర్ల మీద, కొంత నిడివి తగ్గించి, ఆ పని చేసింది. 2010 జనవరి 30న ఆ రంగుల చిత్రం విడుదలైంది. 2013లో ఒక ఇంగ్లీషు టి.వి. చానలు దేశమంతటా ఓట్లు పెడితే భారతీయ చిత్రాలన్నిటిలో ఇదే మొదటిదిగా నిలిచింది. నాకు మాత్రం నలుపు తెలుపుదే ఇష్టం. ఆ దీపాల వెన్నెలకు రంగు అవసరం లేదు.

సీతాఫల్‌మండిలో బయలుదేరే ముందు మేనల్లునికి సెల్‌ఫోనులో పాత చిత్రమే పెట్టి ఇచ్చాను. లడ్డూల దగ్గరికి వచ్చేసరికి వాడు ఆపి, వెనక్కు తిప్పి, మళ్ళీ ఆపి, దారం ఎక్కడైనా కనపడుతుందేమోనని వెతికాడు. నాకు రైలు వేళ అయి నేను సంచి తీసుకునేవరకు కూడా వానికి దొరకలేదు.