పల్లెయిండ్ల భక్తకవి పురుషోత్తమ చౌధరి

తెలుగు క్రైస్తవ కీర్తనకారులలో అగ్రగణ్యుడైన పురుషోత్తమ చౌధరి మన సరిహద్దు సీమవాసి. ఆయన 1803లో పర్లాకిమిడి సమీపాన మదనాపురంలో జన్మించారు. ఆనాడు ఆ ప్రాంతం మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందినది. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో చేరింది. 1992 నుండి గజపతి జిల్లాలో ఉన్నది. చౌధరి పూర్వికులు వంగదేశం నుండి వచ్చిన బ్రాహ్మణులు. తండ్రి కూర్మనాథ చౌధరి, తల్లి సుభద్రాదేవి. వంగ వంశీకుడై ఒడియా సీమ అంచున పెరిగినా, తన హృదయాన్ని తెలుగులోనే ఆవిష్కరించారు.

ఆ రోజులలో క్రైస్తవ బోధ ఈ ప్రాంతాలకు క్రమంగా చేరుతున్నది. లండన్ మిషను వారు 1805లో విశాఖపట్టణానికి వచ్చారు. వారి కృషి ఫలితంగా 1812లో మూడు సువార్తలు, 1818లో క్రొత్త నిబంధన తెలుగులో అచ్చయినవి. 1827 క్రిస్మసు నాడు బరంపురంలో బాప్టిస్టు మిషనరీ విలియం బాంప్టన్ ఒక తెలుగువానికి బాప్తిస్మమిచ్చారు. ఒడిశాలో ఆ మిషనుకు ఆయనే తొలి విశ్వాసి.

చౌధరి తెలుగులో అచ్చయిన క్రైస్తవ పుస్తకాలను చదివి, చాలాకాలం ఆలోచించి, 1833లో కటకం వెళ్లి బాప్తిస్మం పొందారు. అప్పటికి ఆయనకు ముప్పది సంవత్సరాలు. ఆ నిర్ణయానికి చెల్లించిన మూల్యం సామాన్యమైనది కాదు. ఆనాటి బ్రాహ్మణ సమాజంలో మతం మారినవానికి బంధువుల పంక్తిలో చోటుండదు. భార్య రాధామణి సైతం తొలుత ఆ మార్పును అంగీకరించలేదు. కొంతకాలం తరువాత ఆమె కూడా భర్త విశ్వాసాన్ని స్వీకరించి, ఆయనతో జీవించారు. అటుపిమ్మట ఆయన ఉత్తర తెలుగు జిల్లాలలో బోధకుడుగా దీర్ఘకాలం సేవ చేశారు. 1890లో పరమపదించారు.

తన యింటనే ఇంత సంక్షోభం చూచిన ఆ మనిషి, అన్ని యిండ్లకు పనికివచ్చే సాధనం ఒకటి సిద్ధపరచారు. అదే కీర్తన. ఆ కాలంలో పల్లెలలో అక్షరాలు తెలిసినవారు అరుదు. తల్లి చదవలేదు, తండ్రి చదవలేడు. మరి బిడ్డకు వేదవాక్యం ఎవరు నేర్పాలి? చౌధరి రాగ తాళాలు కూర్చి, పల్లవి, చరణాలతో నూటికి పైగా కీర్తనలు రచించారు. ప్రతి చరణం తరువాత పల్లవి మరలి వస్తుంది. చరణం పెద్దలు పాడితే, పల్లవి పసివారు అందుకుంటారు. కొన్నాళ్లకు చరణాలు కూడా వారికి కంఠస్థమవుతాయి. క్రీస్తు జననం, శ్రమలు, పునరుత్థానం, పాపి పశ్చాత్తాపం, ఇవన్నీ ఈ విధంగా పుస్తకం లేకుండానే బిడ్డలకు చేరినవి.

వీధిబడులలో బాలురు శతకాలు వల్లించే అలవాటును గుర్తెరిగి ఆయన యేసు నాయక శతకం కూడా రచించారు. పద్యం చివర ఒకే మకుటం మరల మరల రావడం వలన శతకం సులభంగా జ్ఞాపకముంటుంది. పెండ్లి యిండ్లలో, పూజలలో పాడే మంగళహారతుల బాణీని సైతం ఆయన క్రైస్తవ ఆరాధనలోనికి తెచ్చారు. కనుకనే క్రొత్త విశ్వాసంలోనికి వచ్చిన ఇల్లాలికి ఆ పాట పరాయిదిగా తోచలేదు. ఆమె ఎరిగిన వరుసలోనే అది సాగింది. ఆయన కీర్తనలు పెక్కు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు అను గ్రంథంలో చేరి, నేటికీ దేవాలయాలలో, గృహాలలో వినబడుతున్నవి.

నేడు గంజాం, గజపతి పల్లెలలో మన పిల్లలు బడిలో ఒడియా, ఆంగ్లం చదువుతారు. తెలుగు అక్షరాలు రాని బిడ్డలు అనేకులు. అక్షరం రాని యింటికే చౌధరి కీర్తన పుట్టినది గనుక, ఈ బిడ్డలకూ అది అందుతుంది. అయితే పాట తనంతట తాను బిడ్డ నోటికి రాదు. దీపాలు పెట్టిన వేళ తల్లిదండ్రులు చాప పరచి కూర్చుని నోరు తెరచి పాడాలి. అట్లు పాడిన యింటిలో విశ్వాసమూ నిలుస్తుంది, తల్లిభాషా నిలుస్తుంది.