సగటు 8.25: ఒక సారథి కథ

క్రికెట్‌లో రిజర్వేషన్లు లేవు కదా, అక్కడ ప్రతిభే కొలమానం కదా అని రామగుండం, గోదావరిఖని బొగ్గుగని కాలనీల నుంచి వచ్చే విద్యార్థులు నన్ను తరచూ అడుగుతుంటారు. వారికి నేను విజ్జీ జీవితం చెబుతాను.

1905లో జన్మించిన విజయానంద గజపతిరాజు విజయనగరం సంస్థానాధీశుని రెండో కుమారుడు. కాశీలో సొంత క్రికెట్ మైదానం ఏర్పాటు చేసుకున్నారు. 1930–31లో హాబ్స్, సట్‌క్లిఫ్‌లను ఇంగ్లండ్ నుంచి రప్పించి తన జట్టులో ఆడించారు. ఆ సంపద, పలుకుబడి 1936 ఇంగ్లండ్ పర్యటనలో ఆయనను భారత జట్టు సారథిని చేశాయి. మూడు టెస్టుల్లో, ఆరు ఇన్నింగ్స్‌లో ఆయన చేసినవి 33 పరుగులు, సగటు 8.25. భారత తొలి టెస్టు సారథి, తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె.నాయుడు అప్పుడు ఆయన సారథ్యంలో ఆడవలసి వచ్చింది. విజ్జీ తర్వాత క్రికెట్ బోర్డు అధ్యక్షులయ్యారు, 1965లో మరణించారు. విశ్వవిద్యాలయ క్రీడాకారులు పోటీపడే ట్రోఫీకి ఆయన పేరే పెట్టారు.

అంతకు పాతికేళ్ల ముందు, 1911 ఇంగ్లండ్ పర్యటనలో 114 వికెట్లు తీసిన దళితుడు పల్వంకర్ బాలూ. ఆ జట్టుకు సారథి పాటియాలా మహారాజు. బొంబాయి పోటీల్లో హిందూ జట్టు నాయకత్వం సైతం బాలూకు ఎన్నడూ దక్కలేదు.

క్రికెట్‌లో రిజర్వేషన్ ఉండేది. అది పుట్టుకకు, సంపదకు దక్కేది. ప్రతిభను గురించి వాదించేవారు ముందుగా 8.25, 114 అనే ఈ రెండు అంకెలకు జవాబు చెప్పాలి.