సీటు కాచిన తమ్ముడు

2019 మార్చి 15, శుక్రవారం. పొద్దున్నే పులివెందుల టీ అంగళ్ల దగ్గర ఒకటే మాట: వివేకానందరెడ్డి పోయినాడంట, గుండెపోటంట. పొద్దు తిరిగేసరికి ఆ మాట మారింది. గొడ్డలి గాయాలన్నారు, హత్య అన్నారు. ఓట్లకు నాలుగు వారాలు కూడా లేవు. తండ్రి రాజారెడ్డిని 1998లో బాంబులేసి చంపినారు. అన్న రాజశేఖరరెడ్డి 2009లో హెలికాప్టర్ కూలి నల్లమలలో పోయినాడు. ఈయన తన ఇంట్లోనే, 68 ఏళ్లకు.

వై.ఎస్. వివేకానందరెడ్డి పేరు ఎప్పుడు చెప్పినా అన్న పేరు తర్వాతే. అన్న లోక్‌సభకు పోతే పులివెందుల అసెంబ్లీ సీటు ఈయన కాచినాడు. 1989లో, మళ్లీ 1994లో గెలిచినాడు. 1999లో అన్న అసెంబ్లీకి తిరిగొస్తే ఈయన కడప ఎంపీగా ఢిల్లీకి పోయినాడు, 2004లోనూ గెలిచినాడు. 2009లో ఆ సీటూ అన్న కొడుకు జగన్‌కు పోయింది. ఈయనకు శాసనమండలి మిగిలింది. పొత్తుల సేద్యంలో తమ్ముడి గెనెం ఎప్పుడూ జరుగుతూనే ఉంటుంది కదా, అట్లా.

అయినా ఊరికి దొరికే మనిషి ఈయనే. ముఖ్యమంత్రి అయిన అన్నను చూడాలంటే హైదరాబాదు పోవాల్సి వచ్చేది. కాలిన ట్రాన్స్‌ఫార్మరు, ఆగిన పింఛను, చీనీ తోటకు నీళ్లు, అన్నదమ్ముల గట్టు తగువు: ఇవి హైదరాబాదు దాకా మోసుకుపోయే పనులు కావు. పులివెందులలో నాయకుడంటే తెల్లారేసరికి ఇంటి ముందర చెప్పులు పేరుకోవాల, చొక్కా జేబులో మడతపెట్టిన అర్జీలు బయటికి రావాల. ఫ్యాక్షన్ నీడ పడిన ఇంటి రాజకీయమే అది, కాదనను. ఆ ఇంటి గడప దగ్గర మామూలు జనానికి అందిన మొహం మాత్రం వివేకాది.

ఒక్కసారి ఆయన తనకోసం నిలబడినాడు. అన్న పోయినాక జగన్ కాంగ్రెస్‌ను వదిలితే, ఈయన వదల్లేదు. కిరణ్‌కుమార్ రెడ్డి మంత్రివర్గంలో వ్యవసాయ మంత్రి అయినాడు. 2011 ఉప ఎన్నికలో, అదే పులివెందులలో, వదిన విజయమ్మ మీద పోటీ చేసి 81 వేలకు పైగా ఓట్లతో ఓడినాడు. వదిన మీద నిలబడడం తప్పని అప్పట్లో చాలామంది అన్నారు, నేనూ అన్నాను. ఇప్పుడు అంత గట్టిగా అనలేను. తర్వాత జగన్ పెట్టిన పార్టీలోకే వచ్చినాడు. 2017లో స్థానిక సంస్థల ఎమ్మెల్సీ ఎన్నికలో తెలుగుదేశం అభ్యర్థి బీటెక్ రవి చేతిలో ఓడినాడు. ఎంపీటీసీలు, జెడ్పీటీసీలు, కౌన్సిలర్లు వేసే ఓట్లవి, పేరుపేరునా తెలిసినవాళ్లే. 81 వేల ఓటమి కన్నా ఇదే ఎక్కువ నొప్పించి ఉంటుందనుకుంటా.

హత్య తర్వాత ఆయన్ను పులివెందులలోనే తండ్రి సమాధి దగ్గర పూడ్చినారు. కూతురు సునీత కోర్టుల చుట్టూ తిరిగింది. 2020లో కేసు సీబీఐకి పోయింది, 2022లో సుప్రీంకోర్టు విచారణను హైదరాబాదుకు మార్చింది. ఊరి గట్టు తగువులు ఊళ్లోనే తెగాలనుకునే పులివెందుల మనిషి, ఆయన కేసు వాయిదా ఎప్పుడో తెలుసుకోవాలంటే ఇప్పుడు పక్క రాష్ట్రం వైపు చూస్తున్నాడు.