విప్పి చూచి నేర్చిన విద్య : జి.డి. నాయుడుగారు

1893 మార్చి 23న కోయంబత్తూరు సమీపాన కలంగల్ గ్రామంలో, తరతరాలుగా తమిళసీమలో స్థిరపడిన తెలుగు వ్యవసాయ కుటుంబంలో గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు జన్మించారు. పసితనంలోనే తల్లి గతించారు. బడిచదువు ప్రాథమిక తరగతులతోనే ముగిసింది. పాఠశాల సంచికలో ఇట్టి వారిని స్మరించడం కొందరికి వింతగా తోచవచ్చు.

యౌవనంలో ఒక ఆంగ్ల అధికారి నడుపుతున్న మోటారు సైకిలు వారి కంటబడింది. ఎద్దూ గుర్రమూ లేకుండానే పరుగెత్తే ఆ బండి మర్మం తెలుసుకోవాలన్న తపనతో కోయంబత్తూరు చేరి, హోటలులో సర్వరుగా కుదిరి, జీతం కూడబెట్టి, తుదకు ఆ రడ్జ్ బండినే కొన్నారు. కొన్నవాడు ఎక్కి ఊరేగడం లోకరీతి. నాయుడుగారు దానిని నిలిపి, ఇంజను ఊడదీసి, ఏ భాగానికి ఆ భాగంగా విప్పివేశారు.

నేర్పే గురువు లేడు. ఒకే సిలిండరుగల ఇంజనే అయినా విప్పినంత సులువు కాదు కూర్చడం. పిస్టను కదలిక, కవాటం తెరచుకొనే వేళ, నిప్పురవ్వ పుట్టే వేళ ఒకదానితో ఒకటి పొసగాలి. పళ్లచక్రం ఒక్క పన్ను పక్కకు జరిగినా ఇంజను పలకదు. పలకకుంటే ఆ కష్టార్జితమంతా ఇనుపముక్కల కుప్పగా మిగిలేది. విప్పిన బండిని తిరిగి కూర్చిన నాడే ఆయన యంత్రవిద్యలో పట్టభద్రులైనారని నా అభిప్రాయం.

1920లో స్టేన్స్ దొర సాయంతో బస్సు కొని పొళ్లాచ్చి, పళనిల మధ్య నడిపారు. అదే యూనివర్సల్ మోటారు సర్వీసుగా విస్తరించింది. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలసి స్వదేశీ విద్యుత్ మోటారు తయారుచేశారు. బ్యాటరీతో నడిచే క్షురయంత్రమూ వారి సృష్టియే.

1945లో ఆర్థర్ హోప్ పేరిట సాంకేతిక విద్యాలయం నెలకొల్పడంలో నాయుడుగారు ముందు నిలిచారు. చేతులతో పని చేయిస్తూ నేర్పితే ఇంజనీరింగు చదువుకు అన్నేళ్లు అక్కరలేదని వారి వాదం. అది ప్రభుత్వానికి రుచించలేదు, ఆయన తప్పుకొన్నారు. ఆ కళాశాల ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా నేటికీ కోయంబత్తూరులో నడుస్తున్నది.

స్వాతంత్ర్యానంతరం పన్నుల భారానికి నిరసనగా తాము తయారుచేసిన రేడియోలను, గడియారాలను బహిరంగంగా పగులగొట్టించారు. ఒకనాడు ఒక్కొక్క భాగాన్ని పదిలంగా విప్పి అమర్చిన చేతులవి. ఆ దృశ్యం చూచినవారు ఆయన ఆవేదనను గ్రహించారో, విపరీత చేష్టగా భావించారో!

1974 జనవరి 4న నాయుడుగారు కన్నుమూశారు. కోయంబత్తూరులో 2015లో వెలసిన జీడీ కార్ల ప్రదర్శనశాల వారి కుటుంబం నెలకొల్పినదే.